పైన రాబందు, కింద పాచి

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరికి మెడలు పట్టేశాయి. మా అబ్బాయి చందుగాడికి పైకి చూసి చూసి, కోడలు ప్రసన్నకు కిందికి వంగి వంగి. సాయంత్రమయ్యేసరికి మా ఆవిడ దాలమ్మ ఆవనూనె వేడిచేసి, ఒకరి తరవాత ఒకరిని పీట మీద కూర్చోబెట్టి మెడలు రుద్దేది. "పెళ్ళయ్యి రెండేళ్ళయినాది. మనవణ్ణి సేతికిత్తారనుకుంటే మెడలిత్తన్నారు," అని అందరికీ వినపడేటట్టే గొణిగేది.

ఇద్దరి మెడలకీ కారణం ఒక్కటే, మా పాత పానీ టంకీ. టాటానగర్ స్టేషను దాటి జుగ్సలాయి వైపు వెళ్తే మా రైల్వే కాలనీ చివర ఉండేది. బొగ్గింజన్ల కాలంలో కట్టిన గుండ్రటి ఇటుక కట్టడం, దాని నెత్తిన ఇనుప తొట్టె. తొట్టెలో నీళ్ళు నింపడం మానేసి చాలా ఏళ్ళయింది. కానీ కాలనీ కుళాయిలకు నీళ్ళు తీసుకెళ్ళే పోత ఇనుప పైపు మాత్రం దాని పాదం పక్కనుంచే పోయేది. ఆ పైపుకి ఫిట్టర్ని నేను. నీలకంఠం అంటే కాలనీలో సగం మందికి తెలియదు, పైపుల బాబు అంటే పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ ఏడు టంకీని ఏప్రిల్లో పడగొట్టాలనీ, నన్ను జూన్ ఆఖరుకు రిటైరు చెయ్యాలనీ ఆఫీసు నుంచి కాగితాలొచ్చాయి. ఇద్దరిలో నేనే రెండు నెలలు గట్టివాణ్ణని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

చందు స్టీలు కంపెనీలో ఒక కాంట్రాక్టరు కింద షిఫ్టు డ్యూటీ చేస్తాడు. డ్యూటీ దిగితే చేతిలో కెమెరా. దానికి మూరెడు గొట్టం లాంటి లెన్సు. ఫిబ్రవరి చివర్లో ఒకనాడు ఆయాసపడుతూ ఇంట్లోకొచ్చాడు.

"నాన్నా, టంకీ మీద గిద్ధ్ ఉంది! ఒకటి కాదు, జోడీ! గూడు పెడుతున్నాయి!"

తెల్లటి ఒళ్ళు, పసుపుపచ్చ మొహం, రెక్కల అంచున నలుపు. తెల్ల రాబందులవి. తొట్టె గట్టు మీద పుల్లలూ గుడ్డపీలికలూ పోగేసుకుంటున్నాయి.

"రాబందా!" అని దాలమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "మా ఊళ్ళో రాబందు వాలితే ఇల్లు కాళీ సేసెల్లిపోతారు. ఈడేటి, పండగొచ్చినట్టు గెంతుతున్నాడు."

"అమ్మా, ఇవి దునియాలో ఎన్ని మిగిలాయో తెలుసా నీకు?"

"మిగిలినయ్యి మన నెత్తి మీదే వాలాల్నేటి?"

ప్రసన్నది కింది చూపు. టెక్కలి పిల్ల. మొక్కల చదువు చదువుకుని, పెళ్ళయి ఇక్కడికొచ్చాక ఇక్కడి యూనివర్సిటీలోనే పరిశోధనలో చేరింది. అంతకుముందు వానల్లో నాకు క్యారేజీ తెచ్చినప్పుడు, నేను తింటూంటే తను టంకీ గోడకు మొహం ఆనించి నిలబడిపోయింది. పైపు జాయింటు దగ్గర నీళ్ళు బొట్లుబొట్లుగా కారి ఇటుకలు తడిసేవి. అక్కడ ఒక చేటంత మేర పచ్చటి పాచి ఉండేది. నా దృష్టిలో పాచి అంటే కాలు జారే వస్తువు. కనబడితే గీకడమే తెలుసు.

"మావయ్యా, దీన్ని గీకెయ్యకండేం. ఇది మామూలు పాచి కాదు," అంది మెడలో వేలాడే చిన్న భూతద్దం తీసి.

ఆ పాచిని చిటికెడు లక్నోలో పాచి మీదే పనిచేసే పెద్ద మేడమ్‌కి పంపిస్తే, ఆవిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. దేశం మొత్తం మీద మూడు నాలుగు చోట్ల తప్ప దొరకని జాతిలా ఉందట. అయితే ఎండు ముక్క చూసి చెప్పలేనని, గోడ మీద ప్రాణంతో ఉండగా, దాని మీద సన్నటి కాడలకు కట్టే కాయలు ముదిరాక చూడాలని, జూన్‌లో తనే వస్తానని రాసింది. అవునంటే ప్రసన్నకి మూడేళ్ళ పాటు ఇక్కడే పరిశోధనకి భత్యం వస్తుంది. కాదంటే, వాళ్ళ నాన్న టెక్కలి కాలేజీలో మాట్లాడిపెట్టిన లెక్చరరు ఉద్యోగంలో జులైకల్లా చేరాలి. కొడుకు ఇక్కడ, కోడలు అక్కడ. నాకు ఆడపిల్లలు లేరు. ఇవాళ ఏ వాల్వు పాడయింది మావయ్యా, ఎలా బాగుచేశారు మావయ్యా అని నా పని గురించి అడిగే మనిషి ఇంట్లో ఆ పిల్లొక్కతే. వెళ్ళిపోతుందని తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఒక ఆదివారం అన్నాల దగ్గర మొగుడూ పెళ్ళాం పోట్లాటకు దిగారు.

"నీ పాచిని కాపాడండి అంటే ఎవరొస్తారు?" అన్నాడు చందు. "గిద్ధ్ అంటే పేపర్లో వేస్తారు. దానికి కళ్ళున్నాయి, రెక్కలున్నాయి. చూడ్డానికి ఏదో ఒకటి, కుఛ్ తో హోనా చాహియే."

"చూడ్డం రాని వాళ్ళకి ఏముంటే ఏటి?" అంది ప్రసన్న. "నీ పక్షి ఎందుకు తగ్గిపోయిందో నువ్వే చెప్పావు కదా. జబ్బు చేసిన పశువుకి మనం నొప్పుల మందేశాం. పశువు చచ్చింది, రాబందు తిన్నాది, ఆ మందుకి అదీ చచ్చింది. ఊరిని శుభ్రం చేసేదానికే ముందు దెబ్బ తగిలింది. నా పాచిదీ అదే కథ. దానికి వేరు లేదు, తొక్క లేదు. గాలిలో ఏముంటే అది, నీళ్ళలో ఏముంటే అది, నేరుగా ఒంట్లోకి తీసుకుంటాది. గాలి పాడైతే మనకి దగ్గు రాకముందే అది పోతాది. నీది మనం పారేసింది తింటాది, నాది మనం కార్చేసింది తాగుతాది. తేడా ఒక్కటే. ఇక్కడ కుదరకపోతే నీది దల్మా కొండకి ఎగిరిపోతాది. నాది ఎక్కడికెళ్తాది?"

చందు నా వైపు చూశాడు. నేను మజ్జిగ గిన్నెలోకి చూశాను.

"రెండిట్లో ఏదీ కూరకి పనికిరాదు. తినండి ముందు," అంది దాలమ్మ.

చందు తీసిన ఫొటో నిజంగానే హిందీ పేపర్లో పడింది. అంతే, కాలనీ చివర జాతర మొదలైంది. సోనారి నుంచీ సిద్ధగోరా నుంచీ స్కూటర్ల మీద పిల్లల్ని ఎక్కించుకుని వచ్చేవారు. అపశకునమని మొదట్లో ముక్కు విరిచిన వాళ్ళే చుట్టాలను వెంటబెట్టుకొచ్చి చూపించారు. అటవీశాఖ వాళ్ళు రాసిన ఉత్తరంతో, పిల్ల ఎగిరేదాకా టంకీని ముట్టుకోకూడదని పడగొట్టే పని ఆగింది. "చూశావా, నా గిద్ధ్ నీ పాచిని కూడా బచాయించింది," అని చందు పెళ్ళాం దగ్గర మీసం తిప్పాడు. ఆ పిల్ల నవ్వింది. ఆ మాట నిజమే కూడా.

ఏప్రిల్ రెండోవారంలో ప్రసన్న చెల్లెలి నిశ్చితార్థానికని టెక్కలి వెళ్ళింది. బండెక్కుతూ, "నా పాచిని చూసుకోండి మావయ్యా," అంది.

"నువ్వు నిచ్చింతగా ఎల్లమ్మా. దాని మీద ఈగ వాలనిత్తానా?" అన్నాను.

మూడో రోజున మా సెక్షన్ ఇంజనీరు కబురు పెట్టాడు. పెద్ద ఆఫీసరు భార్యతో సహా రాబందు పిల్లని చూడ్డానికి వస్తున్నాడట. టంకీ చుట్టూ శుభ్రం చెయ్యాలి, గోడకి ఆరడుగుల ఎత్తున సున్నం కొట్టాలి, కింద బురద ఉండకూడదు, కాబట్టి ఆ లీకు ఆపాలి. "ఒక రోజంతా లైను బంద్ ఇస్తాను నీలకంఠం. చేస్తావా?" అన్నాడు.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నానో ఆయనకి తెలియదు. నీళ్ళు పారుతున్న పైపుకి జాయింటు వెయ్యలేం. కాలనీకి నీళ్ళు ఆపడం కుదరదు గనక, పైపైన మేకులు కొట్టి నెట్టుకొచ్చాను. పోయే ముందు ఒక్కసారి నా పనితనం చూపించే అవకాశం వచ్చిందని పొంగిపోయాను.

ముందుగా పాచి సంగతి చూశాను. మాటిచ్చాను కదా. సున్నం కొట్టేవాళ్ళు రాకముందే ఒక గోనెసంచి చింపి, పాచి ఉన్న చోటంతా కప్పి, నాలుగు మూలలా ఇటుకల సందుల్లో రాళ్ళు గుచ్చాను. ఒక్క సున్నపు చుక్క పడినా మీ బ్రష్షులు విరిచేస్తానని వాళ్ళని బెదిరించాను. తరవాత జాయింటు దగ్గర కూర్చున్నాను. పాత సీసం అంతా ఉలితో తవ్వి తీశాను. జనపతాడు చుట్టి దట్టించాను. బంకమట్టితో గట్టు కట్టి, కుంపటి మీద కరిగించిన సీసం ఎక్కడా ఆపకుండా ఒక్క పోతలో పోశాను. చల్లారాక చుట్టూ సుత్తితో ఉలి ఆడించి బిగించాను. సాయంత్రం వాల్వు తిప్పితే ఒక్క బొట్టు రాలేదు. నా తరవాత నా పనికి రావలసిన సూరజ్ అరచేతితో పైపు చుట్టూ తడిమి చూశాడు. ఛప్రా వాడు, ముప్పై దాటిన మనిషి, ఎవరినీ ఊరికే మెచ్చుకోడు.

"ఏక్‌దమ్ సూఖా, ఉస్తాద్!" అన్నాడు.

ముప్పై రెండేళ్ళ సర్వీసులో అంత మంచి జాయింటు నేను వెయ్యలేదు. గోనెసంచి తీసి చూశాను. పాచి మీద సున్నం మచ్చ లేదు. ఆ సంతోషంలో ఇంటికి జిలేబీ కొనుక్కెళ్ళాను. మర్నాడు ఆఫీసరూ ఆయన భార్యా వచ్చి, చందు లెన్సులోంచి బూడిదరంగు పిల్లని చూసి ముచ్చటపడి వెళ్ళారు. సెక్షన్ ఇంజనీరు నా భుజం తట్టాడు.

ఫిట్టరుకి లీకంటే జబ్బు. జబ్బు కుదిర్చాననే అనుకున్నాను గాని, ఆ కారే నీళ్ళు ఇంకొకరి తాగునీళ్ళని నా బుర్రకు తట్టలేదు. ప్రసన్న తిరిగొచ్చేదాకా, ఆ పన్నెండు రోజుల్లో గోడ వైపు నేను మళ్ళీ చూస్తే ఒట్టు. చూడాల్సిన పనేముంది, ఆరిపోయిన జాయింటు దగ్గర?

ప్రసన్న వచ్చిన రోజు ఎండ నలభై మూడు. సంచి గడపలో పెట్టి నేరుగా టంకీ దగ్గరికి వెళ్ళింది. గంట తరవాత వచ్చి, కాళ్ళు కడుక్కుని, నిశ్చితార్థం కబుర్లన్నీ అత్తగారికి చెప్పింది. అన్నం మాత్రం రెండు ముద్దలు తిని లేచిపోయింది.

"ఏటయినాది గుంటకి? ఊర్నించొచ్చిన మనిసి ఇలగుంటాదేటి?" అని దాలమ్మ నా చెవిలో అడిగింది.

నాకు ఏదో అనుమానం వేసి టంకీ దగ్గరికి నడిచాను. తెల్లటి సున్నపు గోడ మధ్యలో, నేను కాపాడిన చేటంత పాచి గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయి ఉంది. వేలు పెడితే వేయించిన కరివేపాకులా కరకరమంది. పైన నా జాయింటు సీసం మెరుస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

వెనక్కి వచ్చేసరికి ప్రసన్న పెరట్లో ఒంటరిగా బట్టలు ఆరేస్తోంది. గుమ్మంలో నిలబడ్డాను. తనే తల తిప్పి చూసింది.

"జాయింటు చాలా బాగా వేశారు మావయ్యా," అంది.

వెటకారం కాదు. ఆ పిల్లకి వెటకారం రాదు. నిజంగానే మెచ్చుకుంది, కళ్ళల్లో నీళ్ళు నిండి ఉన్నాయి. తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

"బకెట్టుతో పోసేత్తాను. పొద్దున్నా సాయంత్రం. నానే పోత్తాను," అన్నాను.

"అలా వద్దు మావయ్యా. అది ఒక్కసారి ఎండితే ఓర్చుకుంటాది. తడిసి, గంటలో ఎండి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఎండితే ఉన్న బలం కూడా పోతాది. దానికి రాత్రీ పగలూ తడి ఉండాలి. ఇన్నేళ్ళూ మీ బొట్లే దానికి వాన."

"అయితే జాయింటు విప్పేత్తాను."

"వద్దు మావయ్యా!" అని చేతిలో బట్ట తాడు మీద పడేసి నా ముందుకొచ్చింది. "రిటైరయ్యే ముందు మీకెందుకు మాట? ఆఫీసరు చూసి మెచ్చుకున్న పని అది. నేను టెక్కలికి రాసేస్తాను, చేరతానని. చందుతో కూడా చెప్పాను."

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను. మర్నాడు మధ్యాహ్నం ఎండకి భయపడి మనుషులంతా ఇళ్ళలో దూరిన వేళ, ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని టంకీ దగ్గరికి వెళ్ళాను. పైన తల్లి రాబందు రెక్క చాపి పిల్లకి నీడ పడుతోంది. నేను జాయింటు ముందు కూర్చుని దాన్ని చాలాసేపు చూశాను. నా చేతుల్తో నేను కట్టుకున్నదాన్ని నేనే పాడుచెయ్యాలంటే చెయ్యి రాలేదు.

"తిండి కూడా తినకండా ఏటి సేత్తన్నావిక్కడ?"

క్యారేజీతో దాలమ్మ వెనక నిలబడి ఉంది. సున్నపు గోడనీ, మాడిన పాచినీ, నా చేతిలో ఉలినీ చూసింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసినదానికి నేను చెప్పక్కర్లేదు. క్యారేజీ కింద పెట్టి, గొడుగు విప్పి నా తల మీద పట్టింది.

"కొట్టు. ఎవులైనా వత్తే నాను సెప్తాను," అంది.

సీసాన్ని ఒక మూల ఉలితో కొద్దిగా ఎత్తాను. చిమ్మనగ్రోవిలా కొట్టింది నీరు. మళ్ళీ బిగించాను, పూర్తిగా ఆగిపోయింది. కారకుండా చెయ్యడం నాకు తెలుసు, కావలసినంతే కారేటట్టు చెయ్యడం నాకెవరూ నేర్పలేదు. ఎత్తడం, నొక్కడం, ఎత్తడం. దాలమ్మ చెయ్యి మార్చుకుంటూ గొడుగు పట్టింది. చివరికి బొట్టు పడింది. తరవాత ఇంకో బొట్టు. ఇటుక మీద తడి సన్నగా దిగి, పాచి అంచుకు చేరింది.

"పిల్లని పిలు," అన్నాను.

ప్రసన్న పరిగెత్తుకుంటూ వచ్చింది. ముగ్గురం గోడ ముందు గొంతుకూర్చున్నాం. మా కళ్ళ ముందే, తడి తగిలిన చోట ముడుచుకున్న ఆకులు, ఆవగింజలో సగం కూడా లేని ఆకులు, మెల్లిగా విడిపోయాయి. గోధుమరంగు కింద నుంచి పచ్చదనం తేలింది. "ఓలమ్మ, కదులుతున్నాదే!" అని దాలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్నీ విచ్చుకోలేదు. పై సగం అలాగే ఎండిపోయి ఉంది. కింది సగం, పైపు నీడ పడే చోట మాత్రం లేచింది. ప్రసన్న భూతద్దం పెట్టి చూసి, "కాడలు నాలుగైదు బతికున్నాయి మావయ్యా, కాయలున్నాయి," అంది. మరుక్షణం అక్కడే మట్టిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. వారం తిరక్కుండా సెక్షన్ ఇంజనీరు అటుగా వచ్చి, సున్నపు గోడ మీద తడి చారిక చూశాడు. నన్నూ సూరజ్‌నీ పిలిపించాడు.

"ఇదేంటి నీలకంఠం? మళ్ళీ కారుతోంది?"

"పాత పైపు సార్. సీసం పట్టడం లేదు."

"రోజంతా లైను ఆపి ఇచ్చాను కదా! అప్పుడు పట్టిన సీసం ఇప్పుడు పట్టదా?"

సూరజ్ పక్కనే ఉన్నాడు. వాడు ఫిట్టరు. ఎత్తిన సీసం మీద ఉలి గుర్తు వాడి కంటికి కనబడకుండా ఉండదు. నా వైపు చూసి, మళ్ళీ పైపు వైపు తిరిగాడు.

"నా వల్ల కాలేదు సార్," అన్నాను.

"వయసైపోయింది నీకు," అని ఆయన నవ్వి, సూరజ్ భుజం తట్టి, "నువ్వు వచ్చాక చూద్దువు గాని," అని వెళ్ళిపోయాడు.

నాకు చాలా బాధేసింది. దాచుకోవడం ఎందుకు? పైపుల బాబు చెయ్యి పడితే నీళ్ళు నోరు మూసుకుంటాయని కాలనీలో పేరు నాకు. ఆ పేరు ఆ ఒక్క మాటతో పోయింది. రెండు రోజుల్లో ఊరంతా తెలిసింది. టీ కొట్టు దగ్గర పలకరించే తీరు కూడా మారింది. నీలకంఠం చేతికి పట్టు తప్పిందట, అని చెవులు కొరుక్కున్నారు. నేను మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి, బొట్టు ఎక్కువైతే నొక్కి, తక్కువైతే ఎత్తి వచ్చేవాణ్ణి. సీసం నేనే ఎత్తానని చందుకి తెలిసింది. మర్నాడు నా సంచి తనే మోసుకుంటూ వెంట వచ్చాడు.

జూన్ మూడోవారంలో రాబందు పిల్ల ఎగిరింది. ఈకలు వచ్చేసరికి నల్లబడి, ఎవరి పిల్లో అన్నట్టు ఉండేది అది. తొట్టె అంచు మీద రెండు రోజులు రెక్కలు కొట్టి కొట్టి, ఒక మబ్బు పట్టిన పొద్దున జారిపడినట్టే పడి, ఎదురు గాలికి లేచి, రైలు పట్టాల మీదుగా దల్మా వైపు పోయింది. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రానికి టంకీ దగ్గర ఒక్క మనిషి లేడు. మర్నాడే పడగొట్టే కాంట్రాక్టరు మనుషులు వచ్చి కొలతలు తీసుకున్నారు. పక్షి ఎగిరాక ఆపమనడానికి ఎవరి దగ్గరా ఉత్తరం లేదు. చందు వాళ్ళ చుట్టూ తిరిగి, హిందీలో బతిమాలి, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"ఇంకెన్ని రోజులిచ్చారు?" అంది ప్రసన్న.

"సోమవారం దాకా."

లక్నో మేడమ్ శనివారం వచ్చింది. అరవై దాటిన మనిషి, నూలు చీర, కాళ్ళకి బూట్లు. అప్పుడే తొలివాన పడి టంకీ చుట్టూ బురదగా ఉంది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించలేదు. చెంగు నడుముకి దోపుకుని బురదలో మోకాళ్ళేసి, గోడకి కన్ను ఆనించింది. దాలమ్మ ఏ దేవుడికి మొక్కుకుందో గాని పెదాలు కదులుతున్నాయి. సాక్ష్యానికి ఫొటో కావాలంది మేడమ్. చందు తన మూరెడు గొట్టం ఎక్కుపెట్టాడు. దూరాన ఉన్న పక్షికి పనికొచ్చే లెన్సు, దగ్గరున్నదాన్ని చూడనంటుంది. వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి, పదడుగుల దూరాన బురదలో బోర్లా పడుకుని తీశాడు. వాడి పెళ్ళాం నవ్వాపుకోలేకపోయింది.

మేడమ్ లేచి, చేతులు తుడుచుకుని, ప్రసన్న తల మీద చెయ్యి పెట్టింది.

"అదే," అంది. "కాయలు ముదిరాయి. సిద్ధబీజాలు రాలుతున్నాయి. ఇక్కడ ఇన్నాళ్ళు ఎలా బతికిందో నాకర్థం కావడం లేదు."

ప్రసన్న నా వైపు చూసింది. నేను పైపు వైపు చూశాను.

ఆవిడ ఆ పూటే కూర్చుని రెండు పేజీల ఉత్తరం రాసింది. సోమవారం అది పట్టుకుని చందూ ప్రసన్నా కలిసి ఆఫీసుకి వెళ్ళారు. పక్షి కోసం ఒకసారి గడువు ఇచ్చిన ఆఫీసరే ఇదీ చదివి సగానికి ఒప్పుకున్నాడు. తొట్టె తీసేస్తారు, పై కట్టడం కూల్చేస్తారు, కింది ఆరడుగుల గోడ మాత్రం వదిలేస్తారు. లీకు మాట ఉత్తరంలో గాని, ఆఫీసులో గాని ఎవరూ ఎత్తలేదు. రాబందుల గూడు పోతుందని చందు బాధపడ్డాడు. "వాటికి రెక్కలున్నాయిలే. వచ్చే ఏడు ఎక్కడ పెడతాయో నేనే వెతుక్కుంటాను," అని వాడే మళ్ళీ సర్దుకున్నాడు. ప్రసన్న టెక్కలి కాలేజీకి రానని రాసేసింది. ఆ సాయంత్రం మా ఆవిడ ఎవరి మెడా రుద్దలేదు, బూరెలు వండింది.

జూన్ ముప్పైన చార్జి అప్పగించాను. మా రైల్వేలో రిటైరయ్యే మనిషి తన దగ్గరున్న సామానంతా జాబితా రాసి, ఏది ఏ స్థితిలో ఉందో ఎదురుగా పెట్టి, వచ్చేవాడి చేత సంతకం పెట్టించుకోవాలి. స్టోరు గదిలో బల్ల మీద సూరజ్ ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే చూసుకుంటూ టిక్కు పెట్టుకుంటూ పోయాడు. పైపు రెంచీలు నాలుగు, చాలూ హాలత్, అంటే పనిచేస్తున్నాయని. సీసం కరిగించే గరిట ఒకటి, చాలూ హాలత్. వాల్వు తాళంచెవులు తొమ్మిది, ఎనిమిది చాలూ, ఒకటి అరిగింది. చివరి వరుస దగ్గర వాడి పెన్ను ఆగింది. పైకి చదివాడు.

"పానీ టంకీ పాదం దగ్గర లీకు, ఒకటి. చాలూ హాలత్."

తలెత్తి నన్ను చూశాడు. నేను వాణ్ణి ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, బొట్టుకీ బొట్టుకీ మధ్య ఎంతసేపు ఉండాలో, ఎండాకాలం ఎంత ఎత్తాలో, వానల్లో ఎంత నొక్కాలో అన్నీ ముందురోజే చూపించాను. అంతా శ్రద్ధగానే విన్నాడు. ఇప్పుడు మాత్రం గడ్డం గోక్కున్నాడు.

"సాబ్ వచ్చి ఇది ఎందుకు ఆగడం లేదని అడిగితే ఏం చెప్పాలి ఉస్తాద్?"

"నా వల్ల కాలేదని చెప్పు," అన్నాను. "మొదటిసారి నోరు రాదు. తరవాత అలవాటైపోతుంది."

సూరజ్ ఆ వరుసకి కూడా టిక్కు పెట్టి, కింద సంతకం చేశాడు.